యాడి సున్నా నుంచి?

(కువైట్‌లో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం, అచ్చుప్రతి)



బయట బ్యానరు చూసే ఉంటారు. 'మాస్టారి స్మారకోపన్యాసం' అని ఉంది, మాస్టారి పేరు లేదు. అచ్చుతప్పు కాదు. తన పేరు ఎక్కడా వేయొద్దని ఆయనే చెప్పి పోయారు. ఆయన బడిపంతులూ కాదు. రాజంపేట పక్క పల్లె నుంచి వచ్చి, ఇక్కడ రోడ్ల పనుల్లో ఏళ్ల తరబడి లెవెల్ చూసిన సర్వేయరు. స్టాఫ్, అదే కొలకర్ర, పట్టుకునే కుర్రాళ్లను సాయంత్రం రూములో కూర్చోబెట్టుకుని లెక్కలు నేర్పేవారు. అలా మాస్టారయ్యారు. ఆ కుర్రాళ్లలో ఒకణ్ణి నేను.

ఎవరు ఏ ఎత్తు చెప్పినా ఆయన అడిగేది ఒకటే మాట: "యాడి సున్నా నుంచి నాయనా?" కొత్తలో నాకు వేళాకోళంగా అనిపించేది. ఎత్తంటే సముద్రమట్టం నుంచే కదా! తర్వాత తెలిసింది, ఈ ఒక్క చిన్న దేశంలోనే సున్నాలు చాలా ఉన్నాయని. ప్రభుత్వ పనులవాళ్లు వాడే పీడబ్ల్యూడీ సున్నా, కువైట్ సిటీ దగ్గర సముద్రం బాగా తీసినప్పుడు నీళ్లుండే మట్టం. ఆయిల్ కంపెనీవాళ్ల సున్నా వేరు. ఒకరి డ్రాయింగులోని ఆర్.ఎల్., అంటే వాళ్ల సున్నా నుంచి లెక్కకట్టిన ఎత్తు, ఇంకొకరి డ్రాయింగులో అలాగే ఎక్కించారో, డ్రైనేజీ పైపు కొండెక్కుతుంది. అలా ఎక్కిన పైపునొకదాన్ని నేను చూశాను, ఎవరు వేశారన్నది ఇక్కడ వద్దు.

ఇవాళ నాకిచ్చిన విషయం మంచుయుగపు మట్టి, దాన్ని కంప్యూటరు పటాల్లోకి ఎక్కించిన చరిత్ర. కమిటీలో ఒకాయన నవ్వారు: "కువైట్‌లో మంచెక్కడిదండీ, జ్యూస్ షాపులో తప్ప!" నిజమే. గడిచిన మంచుయుగంలో ఈ నేల మీద హిమానీనదం పారలేదు. కానీ ఈ తీరాన్ని ఇలా మలచింది మంచే. ఇక్కడికి రాకుండానే ఆ పని చేసింది. మంచు ఈ దేశపు సున్నాను జరిపింది, మళ్లీ తెచ్చి పెట్టింది.

సుమారు 20,000 ఏళ్ల కిందట ఉత్తర అమెరికా మీద, ఐరోపా ఉత్తరభాగం మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుపోయి ఉంది. అంత నీరూ సముద్రాల్లోంచి పోయిందే. ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. మన ముందున్న ఈ గల్ఫ్ సగటు లోతు 35 మీటర్ల ప్రాంతం. అత్యంత లోతైన చోట కూడా వంద మీటర్లకు అటూ ఇటూ. ఇక లెక్క మీరే వేసుకోండి. సాల్మియా ఒడ్డు నుంచి హోర్ముజ్ దాకా నడిచి పోవచ్చు, కాలు తడవదు. తడిస్తే ఒక్కచోటే: టైగ్రిస్, యూఫ్రటీస్ నీళ్లు కలిసి ఆ లోయ నడుమ ఒకే నదిగా పారేవి.

ఈ మాట ఇంత ధీమాగా చెప్పగలిగే రోజు రావడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. మొదలుపెట్టింది భూగర్భశాస్త్రవేత్తలు కాదు, ఓడవాళ్లు. 1820ల్లో బొంబాయి మెరైన్ ఓడలు ఈ తీరమంతా కొలుచుకుంటూ వచ్చాయి. గై, బ్రక్స్ అనే అధికారుల పేర్లు ఆ పటాల మీద కనిపిస్తాయి. వాళ్ల పనిముట్టు తాడుకు కట్టిన సీసపు గుండు. లోతు ఫాథమ్‌లలో రాసుకునేవారు. మన బెస్తవాళ్లు బార అంటారే, చేతులు చాచినంత, అదే కొలత. ఆ గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో కొవ్వు మెత్తి నీళ్లలోకి దించుతారు. పైకి లాగితే అడుగున ఉన్నది కొవ్వుకు అంటుకుని వస్తుంది: ఇసుకో, బురదో, గవ్వ ముక్కలో. లంగరు పట్టు దొరుకుతుందో లేదో తెలుసుకోవడానికి ఆ సంగతి అంకె పక్కన రాసేవారు. నన్నడిగితే గల్ఫ్ అడుగు మట్టికి తొలి పటం అదే. గీసినవాడికి మంచుయుగమనే మాటే తెలియదు.

ఆ మట్టికి చరిత్ర దొరకడానికి 1965 దాకా ఆగాలి. అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధనలో భాగంగా జర్మనీ ఓడ 'మీటియర్' ఈ నీళ్లలోకి వచ్చింది. అది తెచ్చిన మట్టి నమూనాల మీద పనిచేసి మైకేల్ జార్న్‌థైన్ 1972లో ఒక వ్యాసం అచ్చువేశారు. సముద్రం తిరిగి ఎక్కుతూ వచ్చిన దారిలో వదిలిపెట్టిన పాత ఒడ్డుల ఆనవాళ్లు ఇప్పటి నీళ్ల కింద వెతికారాయన. ఇప్పటి సముద్రం అక్కడ వేయలేని మట్టి అక్కడ ఉందంటే, అది ఇంకో సముద్రం వేసినదన్న మాట. ఈ తర్కం ముందు నాకు ఏ సాఫ్ట్‌వేరూ గొప్పగా అనిపించదు.

ఆ తర్వాత కంప్యూటరు వచ్చింది. 1996లో ఆస్ట్రేలియాకు చెందిన కర్ట్ లాంబెక్ గల్ఫ్ మొత్తానికీ తీరరేఖలు లెక్కకట్టారు. నీళ్లు పెరిగితే ఒడ్డు జరుగుతుందని ఎవరైనా చెబుతారు. ఆయన ఇంకో సంగతి కలిపారు: ఎక్కడో దూరాన మంచు బరువు తీసేస్తే భూమి పెంకు లేస్తుంది, నీటి బరువు పెడితే సముద్రపు అడుగు కుంగుతుంది. అంటే సున్నా ఎక్కడ పెట్టుకున్నా ఆ సున్నా కింద నేలే కదులుతోంది. మాస్టారు ఉండగా ఈ వ్యాసం చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "అయితే బెంచ్‌మార్క్ అనేది యాడా లేదన్న మాట," అన్నారు.

లాంబెక్ లెక్క ప్రకారం 14,000 ఏళ్ల కిందటిదాకా గల్ఫ్‌లో సముద్రం లేదు. అప్పటికి హోర్ముజ్ దగ్గర సన్నని నీటిపాయ తెరుచుకుంది. 12,500 ఏళ్ల కిందటికి మధ్య పల్లంలోకి, ఇంకో వెయ్యేళ్లకు పడమటి పల్లంలోకి నీళ్లొచ్చాయి. 6,000 ఏళ్లకు కాస్త ముందు ఇప్పటి ఒడ్డుకు చేరాయి. అక్కడితో ఆగలేదు, ఒకటి రెండు మీటర్లు ఎక్కువే ఎక్కి దిగువ ఇరాక్ పల్లపు నేలల్లోకి వెళ్లాయి. గల్ఫ్ పొడవు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఎనిమిది వేల ఏళ్లకు పంచండి, ఏడాదికి నూటపాతిక మీటర్లు. సముద్రం సగటున ఏడాదికొక వీధిని మింగుతూ వచ్చింది. సగటనేది మోసపు మాట, కొన్నాళ్లు ఆగి ఉంటుంది, కొన్నాళ్లు పరిగెత్తి ఉంటుంది. ఆ లోయలో బతికినవాళ్లు తాతల వీధులను నీళ్ల కిందే వదిలి పైకి జరిగి ఉంటారని 2010లో జెఫ్రీ రోజ్ అనే పురావస్తుశాస్త్రవేత్త వాదించారు. దాని మీద వాదప్రతివాదాలున్నాయి, తవ్విచూడాల్సిన చోటు నీళ్ల కింద ఉంది మరి.

నీళ్లు వచ్చి ఆగిన ఒడ్డు మాత్రం మనకు అందుబాటులోనే ఉంది. సుబియా తెలుసుగా, 2019లో తెరిచిన షేక్ జాబర్ వంతెన దిగితే వచ్చేది. అక్కడ హెచ్-3 అని పిలిచే చోట బ్రిటిష్, కువైట్ పురావస్తు బృందాలు తవ్వితే సుమారు 7,000 ఏళ్ల నాటి తారు ముక్కలు దొరికాయి. ఒకవైపు రెల్లు కట్టల అచ్చులు, ఇంకోవైపు అంటుకున్న సముద్రపు పెంకుపురుగులు. అంటే రెల్లుతో అల్లి తారు పూసిన పడవ సముద్రంలో తిరిగిందన్న మాట. సముద్రప్రయాణం చేసిన పడవల ఆనవాళ్లలో ప్రపంచంలోనే అత్యంత పాతవాటిలో ఇదొకటి. కొత్తగా వచ్చిన సముద్రం మీద మనిషి పడవ వేయడానికి ఎంతోకాలం ఆగలేదు.

నేల మీద పటాల కథ క్లుప్తంగా చెప్పేస్తాను. 1968లో ఆస్ట్రియా భూగర్భ సర్వేవాళ్లు ఫుక్స్, గాటింగర్, హోల్జర్ కువైట్ ఉపరితల పటం, దానికి వివరణ గ్రంథం వియన్నాలో అచ్చువేశారు. 1984లో ఖలాఫ్, ఆయన సహచరులు ఉపరితలపు మట్టి రకాలను వర్గీకరించారు. 1999లో పూర్తయిన నేలల సర్వే దేశమంతటినీ 1:100,000 స్కేలులో, అంటే సెంటీమీటరుకు కిలోమీటరు చొప్పున, పటాలకెక్కించింది. 1967లో పుట్టిన కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థ కిసర్‌కు ఈ పనుల్లో పెద్ద చేయి ఉంది. సర్వేలో గోతులు తవ్వినవాళ్లలో మనవైపు కూలీలు ఎందరున్నారో ఏ నివేదికలోనూ ఉండదు.

ఒక పిట్టకథ. ఇక్కడ రోడ్డు కింద వేసే గట్టి మట్టిని గచ్ అంటారు, సైట్లో పనిచేసినవాళ్లందరికీ తెలుసు. సున్నం పట్టి బిగిసిన ఇసుక అది. మన ఇళ్లలో గచ్చు నేల అంటామే, రెండు మాటలదీ ఒకే పర్షియన్ పుట్టిల్లు. మాస్టారు ఈ సంగతి విన్నాక రోజంతా సంబరపడ్డారు.

నేల పటాల నుంచి ఇప్పుడు ఆ నేలను పరచిన నది దగ్గరికి రండి. పడమట ఇరాక్ సరిహద్దున వాది అల్-బాతిన్ అనే పల్లం ఉంది. అక్కడి గులకరాళ్లు ఈ దేశపువి కావు. అవి అరేబియా పడమటి భాగపు అగ్నిశిలల ముక్కలు, వందల కిలోమీటర్లు దొర్లి వచ్చాయి. దొర్లించినది ఎవరు? జవాబు పైనుంచి చూస్తే దొరికింది. 1981లో అమెరికా షటిల్ 'కొలంబియా' మోసుకెళ్లిన రాడార్, సహారాలో ఎండిన ఇసుకను చీల్చుకుని చూసి కింద పూడిపోయిన నదులను బయటపెట్టింది. అపోలో వ్యోమగాములకు చంద్రుడి నేలను ఎలా చూడాలో నేర్పిన ఈజిప్టు శాస్త్రవేత్త ఫారూక్ ఎల్-బాజ్ ఈ విద్యను అరేబియాకు తెచ్చారు. బాతిన్‌కు పైన, దహ్నా ఇసుక మేటల కింద దాగి, మదీనా వైపు నుంచి వచ్చే వాది అల్-రుమ్మాతో కలిసే ఒకే మహానది ఉండేదని 1993లో ప్రకటించారు. దానికి 'కువైట్ నది' అని పేరుపెట్టారు. కువైట్ నేలలో పెద్ద భాగం ఆ నది పరచిన మేటే అంటారు. వానలు బాగా కురిసిన తడి కాలాల్లో పారి, తర్వాత ఎండిపోయింది. తమాషా ఏమిటంటే, అదే 1993లో ఐక్యరాజ్యసమితి కమిషన్ ఇరాక్, కువైట్ సరిహద్దును కొలతలతో ఖరారు చేసింది. పడమట ఆ గీత బాతిన్ అడుగునే పోతుంది. చచ్చిపోయిన ఒక నది రెండు దేశాలకు గట్టయింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం ఖిరాన్. దక్షిణాన ఒడ్డు వెంబడి తెల్లటి రాతిగట్లున్నాయి. చేత్తో నలిపితే రాలే గింజలు గుండ్రంగా, చేపగుడ్లలా ఉంటాయి. వీటిని ఊలైట్లంటారు. వెచ్చని, లోతులేని నీళ్లలో అలల మీద దొర్లుతూ సున్నం పొరలు చుట్టుకుని ఇవి తయారవుతాయి. 1978లో ఫ్రాంటిషెక్ పిహా వీటి చరిత్ర రాశారు: కొన్ని గట్లు గత మంచుయుగానికి ముందువి, ఒడ్డుకు దగ్గరవి తర్వాతవి. ఇవి ఇప్పుడు పొడినేల మీద ఉన్నాయి. నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు ఇవే గింజలు చూశాను, విశాఖ ఎదుట సముద్రపు అరుగు బయటి అంచు నుంచి తెచ్చినవి, లోతైన నీళ్ల కింద నుంచి. అక్కడ సముద్రం మునుపు ఎంత కిందుండేదో అవి చెబుతాయి. ఖిరాన్ గింజలు సముద్రం ఎంత పైకొచ్చిందో చెబుతాయి. లోతులేని నీళ్లలో తప్ప పుట్టని గింజ అది. అక్కడ మునిగి ఉంది, ఇక్కడ తేలి ఉంది.

హిమానీనదం స్వయంగా వేసిన మట్టే కావాలంటే మనవాళ్లు గోదావరికి పోవాలి. సింగరేణి బొగ్గు పొరలకు అడుగున తల్చేర్ పొరలున్నాయి. పేరు ఒడిశా ఊరిది. అక్కడి బండరాళ్ల పొరను మంచు వేసిందని 1856లోనే బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ గుర్తించారు. అది సుమారు 30 కోట్ల ఏళ్ల నాటి మాట. అప్పుడు ఇండియా, అరేబియా ఒకే గోండ్వానా ఖండం, రెండూ దక్షిణధ్రువానికి దగ్గర. ఆ మంచు వేసిన అల్ ఖ్లాతా పొరల్లోంచి ఒమాన్ ఇవాళ చమురు తోడుకుంటోంది. మంచులోంచి నూనె! మన ఊళ్లో చెబితే నమ్మరు.

ఇవన్నీ ఇప్పుడు ఒకే తెర మీద పొరలు పొరలుగా పెట్టొచ్చు. సీసపు గుండు తెచ్చిన మట్టి ఒక పొర, మీటియర్ నమూనాలు ఒకటి, 2000లో షటిల్ రాడార్ పదకొండు రోజుల్లో కొలిచిన ఎత్తులు ఇంకొకటి. నా ఉద్యోగమిదే. అన్నిటికంటే ఎక్కువ టైము ఎక్కడ పోతుందంటే, రంగులు వేయడంలో కాదు. ప్రతి పొరకూ దాని సున్నా ఎక్కడో వెతికి, అన్నిటినీ ఒకే సున్నాకు దించడంలో. సముద్రపు పటంవాడు బాగా తీసిన నీటి మట్టం నుంచి కిందికి కొలుస్తాడు. ఉపగ్రహం భూమి ఆకారానికి కట్టుకున్న ఊహాగోళం నుంచి పైకి కొలుస్తుంది. ఇద్దరూ కలిసే చోట, సరిగ్గా ఒడ్డు మీదే, మీటర్లలో తేడా వస్తుంది. బుబియాన్ లాంటి బల్లపరుపు బురద దీవి మీద ఒక్క మీటరు తప్పితే ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ జరిగిపోతుంది. ఉపగ్రహానికి కనిపించేది పైచర్మమే. నిన్నటి తూజుకు, అంటే దుమ్ముగాలికి, వచ్చిన ఇసుక కింద ఏముందో చూడాలంటే ఇప్పటికీ గడ్డపార పట్టుకోవాల్సిందే.

మాస్టారి ఫీల్డ్‌బుక్కులు పదకొండు నా దగ్గరున్నాయి. వాళ్లబ్బాయి ఇచ్చి వెళ్లాడు. ప్రతి పుస్తకం మొదటి పేజీ పైన, తేదీ కంటే ముందు, బెంచ్‌మార్క్ ఎక్కడిదో, ఏ సున్నాకు కట్టిందో రాసి ఉంది. వాటిలో ఖిరాన్ వైపు లెవెల్ లైను ఒకటుంది. గట్టు మీంచి సబ్ఖా, అంటే ఉప్పు పర్ర, దాటి నీళ్ల దాకా పోయింది, మొదలైన బెంచ్‌మార్కుకు తిరిగి వచ్చి కలపలేదు. పక్కన పెన్సిలుతో 'రేపు' అని ఉంది.

వచ్చే శుక్రవారం పొద్దున ఆ లైను కలపడానికి పోతున్నాం. లెవెల్ నాది. స్టాఫ్ పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ఫాహాహీల్ నుంచి బండి ఉంది. సముద్రం తీసే టైము చూసి చెబుతాను, నీళ్లసీసాలు మీరే తెచ్చుకోండి.