సత్రం ఎవరి సొత్తు?



మదురై రైల్వే కూడలికి ఎదురుగా, నగరం నడిబొడ్డున, మంగమ్మాళ్ సత్రం ఉంది. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రజలకు ఆ పేరు కొత్తది కాదు. ఆ సత్రానికి పేరిచ్చిన రాణి మంగమ్మ తెలుగు నాయక ప్రభువుల ఇంటి కోడలు. ఆమె భర్త చొక్కనాథ నాయకుడు 1682లో మరణించాడు. కుమారుడు రంగకృష్ణ ముత్తువీరప్ప 1689లో మశూచితో కన్నుమూశాడు. పసివాడైన మనుమడు విజయరంగ చొక్కనాథుని పేరిట ఆమె రాజ్యభారం వహించింది. ఆమె చేసిన యుద్ధాలు, సంధులు చరిత్ర గ్రంథాలకు పరిమితమయ్యాయి. ప్రజల నోట మాత్రం ఆమె బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించిన రాణిగా నిలిచింది. మదురై నుంచి కన్యాకుమారి దిశగా సాగిన పాత బాటను ఈ ప్రాంతంలో నేటికీ మంగమ్మాళ్ సాలై అంటారు.

మదురై, తూత్తుకుడిల మధ్య రైలు నడిచింది 1876లో. అంతకు పూర్వం ఈ నల్లరేగడి నేలలో ప్రయాణమంటే కాలినడక, లేదా ఎడ్లబండి. తెలుగు నేల విడిచి దక్షిణానికి నడిచివచ్చిన కుటుంబాల కథను, కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తన ‘గోపల్ల గ్రామం’ నవలలో చిత్రించారు. అటువంటి బాటసారులకు చెట్టునీడ, మంచినీళ్ల బావి, తలదాచుకొనే కప్పు ప్రాణావసరాలు.

సత్రం నడవడానికి ధనం ఎక్కడిది? పూర్వం రాజులు, శ్రీమంతులు సత్రానికి భూములను మాన్యంగా వ్రాసి ఇచ్చేవారు. ఆ పంట వల్ల అన్నం, ఆ రాబడి వల్ల మరమ్మతు సాగేవి. దాత గతించినా భూమి మిగిలేది, భూమి మిగిలినంత కాలం అతిథికి ఆదరణ దొరికేది.

దీనికి పూర్తిగా భిన్నమైన ఏర్పాటు ఒకటి చూస్తే సత్రం స్వభావం మరింత స్పష్టమవుతుంది. అమెరికాలోని నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. పదేళ్లకు, 1941లో, లాస్ వేగస్ పాత నగరంలోని ఫ్రీమాంట్ వీధిలో ఎల్ కోర్టెజ్ అనే క్యాసినో హోటల్ వెలిసింది. 1945లో బగ్సీ సీగెల్ మొదలైన నేరలోక ప్రముఖుల బృందం దానిని కొన్నది. 1963లో అది జాకీ గాన్ అనే వ్యాపారి చేతికి వచ్చింది. 2013లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. ఎనభై యేళ్లు దాటినా నడుస్తూనే ఉంది. అక్కడ అతిథి జూదంలో పోగొట్టుకొన్న సొమ్ము సంస్థకు ఆధారం. సత్రంలో అతిథి ఏమీ పోగొట్టుకోనక్కరలేదు. అతని ఖర్చు అతనికంటే ముందే మరొకరు చెల్లించి వెళ్లారు.

అయితే ముందుగా చెల్లించిన ధనానికి కావలి అవసరం. మద్రాసు ప్రభుత్వం చేసిన 1817 నాటి ఏడవ రెగ్యులేషన్ పీఠికలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. దాతల ఉద్దేశానికి విరుద్ధంగా మాన్యాల రాబడి అనేకచోట్ల దారి మళ్లుతున్నదని, కట్టడాలు శిథిలమవుతున్నాయని అందులో పేర్కొన్నారు. దేవాలయాలు, వంతెనలతోపాటు సత్రాల పర్యవేక్షణను కూడా రెవెన్యూ బోర్డుకు అప్పగించారు. 1871 తరువాత స్థానిక నిధుల బోర్డులు, పురపాలక సంఘాలు బలపడటంతో అనేక సత్రాల బాధ్యత వాటికి సంక్రమించింది. మంగమ్మాళ్ సత్రం నేడు మదురై నగరపాలక సంస్థ ఆధీనంలో ఉంది.

రాణి ధర్మం పురపాలక బాధ్యతగా మారిన తీరు ఇది. నడిబొడ్డున ఉన్న స్థలానికి బజారులో విలువ పెరిగేకొద్దీ, దానిని బాటసారి కోసం ఉంచడం కష్టమవుతుంది. దుకాణాల అద్దె వల్ల సత్రం బాగుపడితే అది దాత ఉద్దేశానికి అనుకూలమే. దుకాణాల కోసం సత్రమే కుంచించుకుపోతే 1817 పీఠికలోని ఫిర్యాదు మళ్లీ మొదటికి వచ్చినట్లే.

బాటసారి అవసరం తీరిపోలేదు. మదురై ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రికి దక్షిణ జిల్లాల నుంచి రోగులు వస్తారు. వారి వెంట వచ్చిన తల్లి, భార్య, అన్నదమ్ములు రాత్రి ఎక్కడ పడుకోవాలి? లాడ్జి అద్దె భరించలేని ఆ కుటుంబమే నేటి బాటసారి.

కాబట్టి ఏ ఊరిలో పురపాలక సత్రం ఉన్నా, దాని విషయంలో పౌరులు అడగవలసినవి మూడు: దాని ఆస్తి ఎంత, రాబడి ఎంత, అందులో బసకు వెచ్చించినది ఎంత. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆ లెక్క కోరే వీలు కల్పించింది. లెక్క చూపడం సంస్థ విధి, లెక్క అడగడం పురజనుల విధి. ఆ రెండూ జరిగినచోట సత్రం తలుపు బాటసారికి తెరిచి ఉంటుంది.