జెబెల్ హఫీత్ ఎక్కాలనుకునే తమ్ముళ్లకు

ముసఫ్ఫా నుంచి మాట్లాడుతున్నా. చలికాలం వచ్చిందంటే మన క్యాంపుల్లో ఒకటే మాట, "అన్నా, ఈ సెలవుకి జెబెల్ హఫీత్ ఎక్కుదామా?" అని. అందుకే ఈ వారం దాని గురించే.

ఈ కొండ అల్ ఐన్ పక్కన, ఒమన్ సరిహద్దులో ఉంది. ఎత్తు దాదాపు 1,200 మీటర్లు. సుమారు 12 కిలోమీటర్ల తారు రోడ్డు, 60 మలుపులు. పైనుంచి చూడటమే కావాలంటే కారు చాలు. నేను చెప్పేది రాళ్ల మీద నడిచి ఎక్కేవాళ్లకి.

మన భువనగిరి గుట్ట తెలుసు కదా, ఒకే గ్రానైట్ బండ. నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ శిక్షణ తీసుకుంది అక్కడే. 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఆ బండ మీద పట్టు దొరికితే నమ్మొచ్చు. హఫీత్ అలా కాదు. ఇది సున్నపురాయి. ఒకప్పుడు సముద్రం అడుగు, సముద్ర జీవుల అచ్చులు రాళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఎండకీ వానకీ పగిలిపోయి ఉంది. గట్టిగా కనిపించిన రాయే చేతిలోకి ఊడొస్తుంది.

మన సైటు పాఠమే ఇక్కడా. నిచ్చెన ఎక్కేటప్పుడు ఏం చెప్తాం? రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ ఆనుకునే ఉండాలి. కొండ మీదా అంతే. స్కఫోల్డింగ్ పలకని తట్టి చూసి కాలు పెట్టినట్టే, రాయిని కదిపి చూసి బరువు వెయ్యండి. ఒకరి కింద ఒకరు నిలబడకండి. రాయి జారితే గట్టిగా అరవండి.

దిగడం ఇంకా కష్టం. మోకాళ్లు అలిసిపోయి ఉంటాయి, గులకరాళ్లు జారతాయి. ఎక్కువమంది శక్తంతా ఎక్కడానికే ఖర్చు పెట్టేస్తారు. తెచ్చుకున్న నీళ్లు సగం అయ్యాయా, శిఖరం ఎదురుగా ఉన్నా సరే వెనక్కి తిరగాలి.

తెల్లారగానే మొదలుపెట్టండి, చెట్టు నీడ ఉండదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు. వాన సూచన ఉంటే వాగుల్లోకి దిగొద్దు. ఎక్కడికెళ్తున్నారో, ఎప్పటికొస్తారో రూములో చెప్పండి. దెబ్బ తగిలితే అంబులెన్సుకి 998, పోలీసుకి 999.

కాలు విరిగితే ఆగేది ఒక్క మీ డ్యూటీ కాదు తమ్ముళ్లూ, నెలనెలా ఇంటికెళ్లే డబ్బు కూడా. కొండ ఎక్కడికీ పోదు. సగంలో తిరిగొస్తే వచ్చే వారం మళ్లీ వెళ్లొచ్చు. ఉంటా మరి.