బొమ్మ చుట్టూ తెల్ల బాక్స్ రాకుండా: మన విశాఖ స్టాంపులు చేద్దాం

ముందు తెర మీదకి చూడండి. నీలం రంగుతో సముద్రం వేసి, దాని మీద ఓడ స్టాంపు గుద్దాం. ఓడతో పాటు దాని చుట్టూ ఓ తెల్ల బాక్స్ కూడా వచ్చి పడింది, కింద అలలన్నీ పోయాయి. ఐదేళ్ల పాపకి ఆ బాక్స్ ఎందుకొచ్చిందో తెలీదు. తన బొమ్మ పాడైందని మాత్రం తెలుసు.

ఈ ప్రోగ్రాం పేరు టక్స్ పెయింట్. 2002లో బిల్ కెండ్రిక్ మొదలుపెట్టారు. పైసా కట్టక్కర్లేదు, తెలుగులోనూ పెట్టుకోవచ్చు. పిల్లలు ఇందులో ముందు వెతుక్కునేది స్టాంపులే. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి, డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్, ఏటికొప్పాక లక్కబొమ్మ... మన పిల్లలు రోజూ చూసే ఇవన్నీ అందులో కనబడాలంటే మనమే చేసిపెట్టాలి. చేయాలని నేను గట్టిగా అంటాను.

ఇంతకీ ఆ బాక్స్ ఎక్కడిది? బొమ్మలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. నాలుగో అంకె ఇంకోటుంది, దాని పేరు ఆల్ఫా. సున్నా అయితే చుక్క అసలు కనబడదు, 255 అయితే నిండుగా కనబడుతుంది. 1970ల్లో న్యూయార్క్‌లో ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ తెచ్చిన ఆలోచన ఇది. మీ ఫోన్ తీసే జేపెగ్ ఫొటోలో ఆ నాలుగో అంకెకి చోటే లేదు, అందుకే బొమ్మ వెనకున్న తెలుపు కూడా బాక్స్‌లా వచ్చేస్తుంది. జిఫ్‌లో అయితే ఉండటమో, లేకపోవడమో, మధ్యలో ఏమీ లేదు. అందుకే అంచులు రంపంలా వస్తాయి. 1996లో వచ్చిన పీఎన్‌జీలో అన్ని మెట్లూ ఉన్నాయి. మనకి కావాల్సింది అదే.

ఇప్పుడు కురుసుర ఫొటో తీసుకుందాం. 1969లో నేవీలో చేరింది, 2001లో సేవల నుంచి విరమించింది, మరుసటి ఏడాదే బీచ్‌లో మ్యూజియం అయింది. ఫొటోని జింప్‌లో తెరవండి, అదీ ఉచితమే. అన్నిటికన్నా ముందు లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీకి వెళ్లి యాడ్ ఆల్ఫా ఛానల్ నొక్కండి. ఇది మర్చిపోతే, మీరు ఆకాశం తుడిచినప్పుడల్లా అక్కడ తెల్లరంగే వచ్చి కూర్చుంటుంది. తర్వాత ఫజీ సెలెక్ట్‌తో ఆకాశం మీద నొక్కండి.

డిలీట్ కొట్టకండి, ఒక్క నిమిషం ఆగండి. అసలు పనంతా అంచులోనే ఉంది. అంచున ఉన్న చుక్కల్లో సగం ఇనుము రంగు, సగం ఆకాశం రంగు కలిసి ఉంటాయి. అవి మిగిలిపోతే నల్ల జలాంతర్గామి చుట్టూ తెల్ల గీత కనబడుతుంది. అందుకే సెలెక్ట్ మెనూలో గ్రో నొక్కి ఒక పిక్సెల్, అంటే ఒక చుక్క, పెంచండి, ఫెదర్ ఒక పిక్సెల్ ఇవ్వండి, అప్పుడు తుడవండి. పైన రెయిలింగ్ సందుల్లో ఆకాశం ముక్కలు ఇంకా ఉన్నాయి చూశారా? ఫజీ సెలెక్ట్ ఆనుకుని ఉన్న చోటునే పట్టుకుంటుంది. ఆ సందుల మీద ఒక్కొక్కటిగా నొక్కాల్సిందే. ఓపిక పట్టండి, బొమ్మ బాగుందో లేదో తేలేది అక్కడే.

లక్కబొమ్మకి వేరే చిక్కుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణి పట్టి, లక్కతో రంగులద్దుతారు. 2017లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చింది. ఆ లక్క మెరుపు ఫొటోలో తెల్లమచ్చగా పడుతుంది. తెల్ల కాగితం మీద పెట్టి తీస్తే, తుడిచేటప్పుడు మెరుపు కూడా పోయి బొమ్మకి చిల్లు పడుతుంది. బొమ్మలో లేని రంగు గుడ్డ మీద పెట్టి, నేరుగా ఎండ పడని వరండాలో తీయండి.

పోర్టు క్రేన్లు, స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్‌లు? లోపలికెళ్లి ఫొటోలు తీయకూడదు. పిల్లల చేతే నల్ల స్కెచ్ పెన్‌తో తెల్ల కాగితం మీద గీయించండి. నాకైతే ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం. ఫర్నేస్‌లకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి, స్టాంపులకీ అవే పెట్టండి. కాగితం ఫొటో తీసి, వెలుతురు సరిచేసి, కలర్స్ మెనూలో కలర్ టు ఆల్ఫా తీసుకుని తెలుపు ఎంచండి. తెలుపు ఎంతుందో అంత మేరకే పోతుంది, గీత అంచు మెత్తగా నిలుస్తుంది. లేత రంగులు నింపిన బొమ్మకి మాత్రం ఇది వద్దు, ఆ రంగులు కూడా పలచబడిపోతాయి.

క్రాప్ టు కంటెంట్ కొట్టి చుట్టూ ఖాళీ తీసేయండి. లేకపోతే పాప నొక్కినది ఒకచోట, బొమ్మ పడేది ఇంకోచోట. పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసి, టక్స్ పెయింట్ ఫోల్డర్‌లోని స్టాంప్స్‌లో పెట్టండి. అదే పేరుతో టెక్స్ట్ ఫైల్ ఒకటి చేసి, తెర మీద చూపించినట్టు తెలుగు పేరు రాస్తే, స్టాంపు ఎంచగానే అది కింద కనబడుతుంది.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా వెళితే అది మళ్లీ జేపెగ్ అయిపోయి, బాక్స్ తిరిగొస్తుంది. మీరు చేసిన స్టాంపుల్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, మీ పిల్లల బడిలో కంప్యూటర్ టీచర్‌కి ఇవ్వండి.