కందనకాయలో సీసపు గుండు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పాటలకూ నాట్యాలకూ నడుమ బాతుల గోల ఏమిటని విసుక్కోకండి. కాసేపు ఓపిక పట్టండి.

పిల్లలూ, కందనకాయ అంటే తెలుసా? తెలియకపోతే అమ్మమ్మనడగండి. కోడిని కోసినప్పుడు దాన్ని చీల్చి, లోపలి ఇసుకా రాళ్ళూ కడిగేది ఆవిడే. పక్షికి పళ్ళుండవు. మింగిన గింజను ఆ రాళ్ళే తిరగలిలా నలగగొడతాయి.

అలాస్కా, ఉత్తర కెనడాల అడవిబాతులూ అంతే. నీటి అడుగున రాళ్ళు ఏరుకుంటాయి. వేటగాడి తుపాకీ నుంచి రాలిన సీసపు గుండూ వాటికి రాయిలాగే కనిపిస్తుంది. అది కందనకాయలో అరిగి, కరిగి, రక్తంలో కలుస్తుంది. రెక్కలు వాలిపోతాయి, జీర్ణశక్తి పోతుంది. గొంతు నిండా మేత ఉండగానే బాతు ఆకలితో చచ్చిపోతుంది.

అలాస్కాలోని యూకాన్–కస్కోక్విమ్ డెల్టాలో, కళ్ళజోడు పెట్టుకున్నట్లుండే ఒక ఈడర్ బాతు ఉంది. 1970ల నుంచి 1990ల ఆరంభానికి అక్కడ గూడుకట్టే జంటలు నూటికి తొంభైకి పైగా తగ్గిపోయాయి. 1993లో అమెరికా ప్రభుత్వం దాన్ని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. కారణం ఒక్కటే అనలేము గాని, అక్కడి ఆడబాతుల రక్తంలో సీసం దొరికింది.

ఉత్తరాది బాతుల కాలేయంలో పాదరసం, సెలీనియం, మూత్రపిండాలలో కాడ్మియం కూడా కనిపిస్తాయి. అవి కొంత ప్రకృతిలోనివి, కొంత దూరదేశాల పొగగొట్టాల నుంచి గాలివెంట వచ్చినవి. వాటిని ఆపడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. సీసపు గుండును మాత్రం ఆపవచ్చు. నీటిపక్షుల వేటలో దాన్ని అమెరికా 1991లో, కెనడా 1999లో దేశమంతటా నిషేధించాయి. ఇప్పుడు ఉక్కు గుళ్ళు వాడుతున్నారు. అయినా పాత గుళ్ళు మడుగుల అడుగున ఏళ్ళ తరబడి ఉండిపోతాయి.

ఆ బాతులే అక్కడి యూపిక్, ఇనూయిట్ కుటుంబాలకు తాతలనాటి తిండి. దాన్ని మానుకోమనే హక్కు మనకు లేదు. అందులో సీసపు తునక లేకుండా చూసే బాధ్యత మాత్రం అందరిదీ. పసిపిల్లల మెదడుకు సీసం రవ్వంతైనా చేటే.

మన పిల్లలు స్నేహితులతో చేపలు పట్టడానికి వెళుతుంటారు. గాలానికి కట్టే బరువు సీసమేమో చూసుకోండి. దాన్ని మింగి లూన్ పక్షులు చచ్చిపోతున్నాయి. తగరంతో, ఉక్కుతో చేసినవి అంగళ్ళలో దొరుకుతాయి. నీళ్ళలో పడింది పోయిందనుకుంటాం. అది ఏదో ఒక కందనకాయకు చేరుతుంది. ఈ ఒక్కమాట గుర్తుంచుకుంటే చాలు.

సెలవు.