ముక్కాలిపై కెమేరా: బొమ్మ ఏల అదరును?

ముక్కాలిపై నిలిపిన కెమేరా కదలదని మనలో పలువురి నమ్మకము. మేమును చాలకాలము అట్లే నమ్మితిమి. ఆ నమ్మకమునకు మేము చెల్లించిన మూల్యము ఒక సంవత్సరపు నిరీక్షణ. ముందుగా ఆ సంగతి చెప్పి, పిదప దానివలన నేర్చుకొన్న నాలుగు మాటలు శ్రోతలకు మనవి చేయుదుము.

నంద్యాల జిల్లాలో, శ్రీశైలము జలాశయపు వెనుకటి నీటిలో సంగమేశ్వరాలయము కలదు. ఏడాదిలో అధికభాగము అది నీట మునిగియుండును. వేసవిలో నీటిమట్టము తగ్గినప్పుడు మొదట శిఖరము, క్రమముగా గోడలు బయటపడును. వానలు పడి కృష్ణకు వరద రాగానే మరల మునిగిపోవును. కొద్దికాలము మాత్రమే దర్శనమిచ్చు గుడి యది.

ఒక వేసవి సాయంకాలము మేము అచ్చటికి పోయితిమి. నీరు ఇంకను గుడిచుట్టు నిలిచియున్నది. ఒడ్డున ఒండ్రుమట్టిపై ముక్కాలిని నిలిపి, దూరపు దృశ్యములను దగ్గర చేయు 200 మిల్లీమీటర్ల లెన్సును కెమేరాకు తగిలించి, ప్రొద్దు క్రుంకువరకు సుమారు నలువది బొమ్మలు తీసితిమి. వెలుతురు తక్కువగుటచే షట్టరు ఒక్కొక్కసారి సెకనులో నాల్గవవంతు తెరచియుండవలసి వచ్చినది. కెమేరా వెనుకనున్న చిన్న తెరపై బొమ్మలన్నియు ముత్యములవలె కనబడినవి. ఇంటికివచ్చి కంప్యూటరుపై పెద్దవి చేసి చూడగా రాతిసందు ప్రతిదియు రెండు గీతలుగా నుండెను. ఒక్క బొమ్మయైనను నిలుకడగా లేదు. మరల పోవుదమనుకొనునంతలో వరద వచ్చినది, గుడి మునిగినది.

ఇంత నష్టము కలుగుటకు కెమేరా ఎంత కదలవలెను? లెక్క చూతము. 36 మిల్లీమీటర్ల వెడల్పున 6000 చుక్కలు గల కెమేరాలో ఒక్కొక్క చుక్క వెడల్పు 6 మైక్రానులు, అనగా మిల్లీమీటరును వేయి భాగములు చేసిన అందులో ఆరు. 200 మిల్లీమీటర్ల లెన్సు మొన 20 సెంటీమీటర్ల దూరమున నున్నదనుకొందము. ఆ మొన 6 మైక్రానులు క్రిందికి ఒరిగిన చాలును, బొమ్మ ఒక చుక్క జరుగును. మన తలవెంట్రుక మందము ఇంచుమించు 70 మైక్రానులు. వెంట్రుకలో పదవవంతు కదలికను కంటితో ఎవరు పట్టగలరు? పది చుక్కలు జరిగినను కన్ను దానిని నిలుకడయనియే తలచును.

మరియొక వింత కలదు. షట్టరు వేయింట ఒక సెకను మాత్రమే తెరచినచో అదురు బొమ్మకెక్కుటకు తగినంత వ్యవధి యుండదు. పది సెకనులు తెరచినచో, ఆరంభమున ఒక అరసెకను అదరినను మిగిలిన తొమ్మిదిన్నర సెకనుల నిలుకడ దానిని చాలవరకు కప్పివేయును. నడుమనున్న కాలము, అనగా సెకనులో ముప్పదవవంతు మొదలు ఒక సెకను వరకు, మిక్కిలి అపాయకరము. అదురు ఎంతసేపుండునో షట్టరు కూడ ఇంచుమించు అంతసేపే తెరచియుండును. మేము పనిచేసినది సరిగా ఆ నడుమకాలముననే.

మరుసటి వేసవి మరల పోయితిమి. ముక్కాలి నిలుపుచుండగా ఒడ్డున పుట్టి కట్టివేయుచున్న ముసలివాడు మమ్ము చూచి, "సారూ, దాని కాళ్లు దిగబడుతుండాయి. కింద బండరాళ్లు పెట్టుకోండి" అనెను. వంగి చూచితిమి. ఒండ్రు పైకి ఎండి గట్టిగా కనబడుచున్నను లోపల మెత్తగానే యున్నది. కాళ్లు నిమిషనిమిషమునకు రవంత క్రుంగుచున్నవి. మొదటి అపరాధి ఆ నేలయే. మెత్తని నేలపై కాళ్లను గట్టిపొర తగులువరకు త్రొక్కి దింపవలెను; లేదా ఒక్కొక్క కాలి క్రింద బల్లపరుపు రాతిని ఉంచవలెను. బండ్లు పోవు వంతెనపైనను, జనులు నడచు చెక్క అంతస్తుపైనను నేలయే అదరుచుండును. అచ్చట ఒక కదలిక ముగిసి మరియొకటి రాకమునుపు బొమ్మ తీయవలెను.

రెండవది ముక్కాలి నిలుపు పద్ధతి. కాళ్లను పొడిగించునప్పుడు లావు భాగములను ముందుగా తీసి, సన్నని భాగములను కడపట తీయవలెను, మరలన్నియు బిగించవలెను. నడిమి కంబమును పైకెత్తరాదు. ఎత్తినచో మూడుకాళ్ల బలము పోయి, కెమేరా ఒంటికాలిపై నిలిచినట్లగును. ఒక కాలు లెన్సు చూచు దిక్కుననే యుండినచో బరువు ముందునకు తూలదు. బరువైన పొడవు లెన్సునకు ప్రత్యేకముగా పట్టీ యుండును. కెమేరాను గాక ఆ పట్టీనే ముక్కాలికి బిగించవలెను.

మూడవది గాలి. నీటిపైనుండి వచ్చు గాలికి మెడపట్టీ జెండావలె కొట్టుకొనును. దానిని విప్పివేయుట మంచిది. ఎండ నుండి కాపాడు లెన్సుగొట్టము కూడ గాలిని పట్టును. ఎండ లేనప్పుడు అది అనవసరము. ముక్కాలిని పొట్టి చేసి, గాలివచ్చు వైపున మనమే గోడగా నిలువవచ్చును. నడిమి కంబము క్రింద సంచి వ్రేలాడదీయు ఆచారము మంచిదే. కాని సంచి ఊగినచో అదియే క్రొత్త అదురు తెచ్చును. దాని అడుగు కొంచెము నేలను తాకునట్లుండవలెను.

నాల్గవది మన వ్రేలు. మీట నొక్కుటయే కెమేరాను కుదుపుట. దూరమునుండి నొక్కు మీట యున్నచో సరే. లేనియెడల పెక్కు కెమేరాలలో రెండు సెకనులకో పది సెకనులకో తనంతట బొమ్మతీయు ఏర్పాటు కలదు. పొడవు లెన్సునకు పది సెకనులే మేలు. సెల్‌ఫోనును ముక్కాలికి బిగించువారికిని ఈ నియమమే వర్తించును.

కడపటిది కెమేరా కడుపులోనే యున్నది. అద్దముగల కెమేరాలలో బొమ్మ తీయుటకు ముందు ఆ అద్దము చప్పున పైకి లేచి తగులును. దానిని ముందుగా లేపియుంచి, ఒకటి రెండు సెకనులు ఆగి షట్టరు తెరచు సదుపాయము పెక్కింటిలో కలదు. అద్దములేని మిర్రర్‌లెస్ కెమేరాలలో మొదటి తెరను విద్యుత్తుతో నడుపు ఏర్పాటున్నచో దానిని ఎన్నుకొనవలెను. చేతి వణకును సరిదిద్దు యంత్రము కొన్ని లెన్సులలో, కొన్ని కెమేరాలలో నుండును. ముక్కాలిపై అది లేని వణకును వెదకి, తానే బొమ్మను కదల్చవచ్చును. కొన్ని క్రొత్తరకములు ముక్కాలిని గుర్తించి తమంతట సర్దుకొనును. మీ కెమేరాతో వచ్చిన పుస్తకము చూచి, అట్టిది కానియెడల దానిని ఆపివేయుడు.

ఇవన్నియు చేసిన పిదపను నమ్మరాదు, పరీక్షింపవలెను. మొదటి బొమ్మ తీయగానే చిన్నతెరపై దానిని పదిరెట్లు పెంచి చూడుడు. దీపములవంటి వెలుగుచుక్కలన్నియు ఒకే దిక్కునకు సాగిన గీతలైనచో అది కెమేరా అదురు. చుక్కలు గుండ్రముగా ఉబ్బినచో దూరము సరిగా కుదరలేదన్నమాట. రాళ్లు స్పష్టముగానుండి చెట్ల ఆకులు మాత్రము చెదరినచో ఆ దోషము గాలిది, ముక్కాలిది కాదు. రోగమెరుగక మందు వేయరాదు గదా. గాలి ఎంతకును తగ్గనిచో కెమేరా గ్రహణశక్తిని పెంచి, షట్టరు కాలమును తగ్గించుడు. బొమ్మలో కొంత గరుకుదనము వచ్చును. అయినను అదరిన బొమ్మకన్న అది మేలు.

ఆ సాయంకాలము మేము పుట్టివాని మాట విని మూడు బండరాళ్లు తెచ్చి కాళ్ల క్రింద పెట్టితిమి. పట్టీ విప్పితిమి. చేయి తాకక పది సెకనులు ఊపిరి బిగబట్టినట్లు నిలిచితిమి. తీసినవి ఆరు బొమ్మలే. నాలుగింటిలో రాతిసందులు ఒక్కొక్క గీతగానే యున్నవి. ఒక బొమ్మను పుట్టివానికి చూపగా, గుడివైపు చూడక ముందు మా ముక్కాలి క్రింది రాళ్లను చూచి తల ఊపెను.

సంగమేశ్వరుని గుడి మరుసటి వేసవికి బయటపడినది గనుక మా తప్పు దిద్దుకొనుటకు వీలు కలిగినది. మన యిండ్లలో ఆ వీలు ఉండదు. కార్తిక దీపముల వెలుగున కూర్చున్న అమ్మమ్మను, పెండ్లిపందిటిలో ఒకచోట చేరిన అన్నదమ్ములను మరుసటియేట అట్లే కూర్చుండుడని అడుగజాలము. అట్టి వేళ మీట నొక్కుటకు ముందు ఒక్కసారి వంగి, ముక్కాలి పాదములు దేనిపై నిలిచియున్నవో చూచుకొనుడు.