ఆత్మరక్షణమును ఆయుధానుమతియు
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నేటి తీర్మానములలో నాలుగవది, మన సభ్యులలో యోగ్యులకు పిస్తోలు లైసెన్సులిప్పింపుమని సంఘము పక్షమున ప్రభుత్వమునకు విజ్ఞప్తి చేయవలెననునది. దానినిగూర్చి మాటలాడుటకు మాకనుజ్ఞ యొసగిన కార్యదర్శిగారికి కృతజ్ఞులము. శబ్దమంజరి వల్లె వేయించి పింఛను పుచ్చుకొనినవారికి పిస్తోలుతో నేమిపనియని వెనుకవరుసలోని యువకులు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. ఆ పని మాకెట్లు తటస్థించెనో ముందు చెప్పుదుము.

మా పూర్వశిష్యుడొకడు కలడు. మన కులమువాడే, పేరు చెప్పము. అతడు లైసెన్సు సంపాదించి రివాల్వరు కొనెను. పెండ్లిండ్లకు వచ్చినపుడు నడుముననున్న తోలు ఒర పదిమందికి కనబడునట్లు ఉత్తరీయమును సవరించుకొనెడివాడు. ఒకనాటి రాత్రి దొంగయొకడు పెరటిగోడ దూకి ఇత్తడి గంగాళమునెత్తుకొని పోవుచుండగా ఇతడు మేల్కొని కేకవేసెను. దొంగ గంగాళమును క్రిందపడవైచి గోడయెక్కెను. గోడపైనున్నవానిని ఇతడు వెనుకనుండి కాల్చెను. గుండు తొడయెముకను పగులగొట్టినది. ఆ మనుష్యుడు బ్రదికెను గాని కాలు పోయినది.

వ్యాజ్యము ఏడేండ్లు నడచెను. ఆత్మరక్షణ వాదము న్యాయస్థానమున నిలువలేదు. శిక్ష పడినది, లైసెన్సు రద్దయినది, మూడెకరముల మాగాణి వకీళ్ల ఫీజుక్రింద పోయినది. దొంగ వేఱుకులమువాడగుటచే అది గంగాళపు తగవుగా నిలువక రెండు కులముల తగవయ్యెను. రెండేండ్లు ఒకరి పొలమునకొకరు పనికి పోలేదు. మన సంఘము శిష్యుని వ్యాజ్యమునకు చందాలు పోగుచేసెను, మేమును ఇచ్చితిమి. కాలుపోయినవాని యింటికి మనలోనెవ్వరును పోలేదు, మేమును పోలేదు.

ఇక శాస్త్రవిషయము. మన ధర్మశాస్త్రములు ఆతతాయులను ఆఱుగురిని చెప్పినవి: ఇంటికి నిప్పు పెట్టువాడు, విషము పెట్టువాడు, ఆయుధపాణియై చంపవచ్చువాడు, ధనమును, క్షేత్రమును, భార్యను హరించువాడు. అట్టివానిని విచారింపక చంపవచ్చునని మనువు చెప్పెను గదా యని తీర్మానకర్తలు వాదించుచున్నారు. కాని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు ఈ వచనమునంత తేలికగా విడువలేదు. అర్థశాస్త్రముకంటె ధర్మశాస్త్రము బలవత్తరమని నిర్ణయించుచోటనే దీనిని విమర్శించెను. గీతలో అర్జునుడును కౌరవులను ఆతతాయులని పిలుచుచునే, చంపిన పాపమంటునని సంశయించెను.

నేటి చట్టమును ఇట్టి హక్కును ఒప్పుకొనినదే. 1860 నాటి శిక్షాస్మృతిలో 96 మొదలు 106 వఱకు గల సెక్షనులు, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వఱకునైనవి. ప్రాణభయము, తీవ్రగాయభయము, మానభంగయత్నము, అపహరణము, యాసిడ్ దాడి మొదలగు సందర్భములలో ఎదిరిప్రాణము తీయువఱకు హక్కు కలదు. ఆస్తివిషయమున దోపిడి, సూర్యాస్తమయానంతరము ఇల్లు పగులగొట్టి చొచ్చుట, నివాసగృహమునకు నిప్పుపెట్టుట యట్టివి. ఉత్తదొంగతనము, ప్రాణభయము కలిగించినగాని, వీనిలో చేరదు. పోలీసు సాయము పొందుటకు వ్యవధి యున్నచో హక్కు లేదు. ఉన్నను అవసరమునకు మించిన హాని చేయరాదు. అన్నిటికంటె ముఖ్యము 40వ సెక్షను: దేహరక్షణహక్కు భయము పుట్టినపుడు పుట్టి, భయము తీఱినపుడు తీఱును. పౌరుడు పిఱికివానివలె పాఱిపోనక్కఱలేదనియు, ఆపత్సమయమున చేసినదానిని బంగారపు త్రాసున తూచరాదనియు సర్వోన్నత న్యాయస్థానము 2010లో చెప్పినమాట నిజమే. అయినను మా శిష్యుని హక్కు గంగాళము నేలబడిన చప్పుడుతోనే ముగిసినది. అటుపిమ్మట కాల్చిన గుండు కోపమునది.

లైసెన్సు సంగతి. లిట్టన్ కాలమున పుట్టిన 1878 నాటి చట్టము పోయి, 1959 నాటి ఆయుధచట్టము వచ్చినది. ఇరువదియొక్క యేండ్లు నిండనివానికి తుపాకి లేదు. 2019 సవరణచే ఒకడు మూడు తుపాకులుంచుకొను పద్ధతి రెంటికి తగ్గినది. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లయినది. వేడుకలలో అజాగ్రత్తగా కాల్చి యితరులకు ప్రమాదము తెచ్చినవానికి రెండేండ్లవఱకు ఖైదు గాని, లక్షరూపాయలవఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును, పెండ్లివారు వినవలెను. ఆస్తి చాలదను కారణముచేతనే లైసెన్సు నిరాకరింపరాదని 14వ సెక్షను చెప్పుచుండగా, పిస్తోలు సంపన్నతకు బిరుదమని తలచువారిని చూచిన మాకు జాలి కలుగును. కాల్చిన తూటాగొట్టములలో మందును గుండును మరల కూర్చుకొనుట అమెరికాలో వినోదమట. ఇచట తూటాల తయారీకి 5వ సెక్షను ననుసరించి వేఱు లైసెన్సు కావలెను. ఇంటి వెనుకగదిలో చేయునది కాదు.

దాచుటయు నొక విద్యయే. పాండవులు జమ్మిచెట్టుపై ఆయుధములుంచి, ఎవ్వరును దరిచేరకుండ శవమును కట్టిరి. మనవారు బీరువా తాళపుచెవిని దేవుని పటము వెనుక పెట్టుదురు. అది యింటిపిల్లలందఱికిని తెలియును.

కొడగువారికున్న మినహాయింపు మనకేల యుండరాదని ఒకరడిగిరి. అది కొడవజాతికిని జమ్మాభూములవారికిని 1861 నుండి వచ్చుచున్నది. 2019లో కేంద్రప్రభుత్వము దానిని 2029 అక్టోబరు 31 వఱకు పొడిగించినది. కర్ణాటక ఉన్నత న్యాయస్థానము 2021లో సమర్థించినది. కైల్‌పొళ్దు పండుగనాడు వారు తుపాకులకు పూజచేయుదురు. వారి చరిత్ర వారిది. మనము కోరుచున్నదో, ప్రక్కయూరి కులమువారు చూచి తామును కోరునట్టిది.

నిజముగా ప్రాణభయమున్నవాడు తనకై తాను దరఖాస్తు చేసికొనవచ్చును. పోలీసు విచారణ జరుగును. 2016 నిబంధనలను బట్టి శిక్షణపత్రమును వైద్యుని పత్రమును జతపఱచవలెను. అందులకు కులము చేవ్రాలక్కఱలేదు. కావున నాలుగవ తీర్మానమును విడువవలెనని మా సవరణ. రెండవభాగము: ఆనాటి వ్యాజ్యపు చందాలో మిగిలిన పైకము సంఘము లెక్కలలో నేటికిని యున్నది. కాలుపోయిన యా మనుష్యుడు జీవించియే యున్నాడు. అతని మనుమరాలు ఉన్నతపాఠశాలలో చదువుచున్నది. ఆ పైకము ఆ బాలిక చదువునకీయవలెను. దానిని తీసికొనిపోవుటకు మేము సిద్ధముగా నున్నాము. తోడు మఱియొకరు రావలెను. సవరణపత్రము కార్యదర్శిగారియొద్ద నున్నది. చదివింప వేడుచున్నాము.