ఆంగ్ల జాతీయములు - మన అనువాదములు
(సంఘ సాహిత్యసభలో చేసిన ప్రసంగ పాఠము)



మనలో పెక్కుమంది పగలెల్ల ఫైళ్లపై ఇంగ్లీషులో నోట్లు వ్రాసి, సాయంకాలము ఇంట తెలుగు మాటలాడువారము. ఈ రెండు భాషల నడుమ మెలగువారికి జాతీయముల స్వభావము తెలిసియుండుట అవసరము. జాతీయమనగా పదముల అర్థము వేరు, మొత్తము భావము వేరు అయిన పలుకుబడి. ఒకడు 'నీళ్లు నమలుచున్నాడు' అన్నచో, నీటిలో నమలుటకేమున్నదని తెలుగువాడెవ్వడును అడుగడు.

జాతీయము జాతి జీవితమునుండి పుట్టును. బ్రిటన్ ద్వీపము, అచటివారు నావికులు. 'మొత్తముమీద' అను అర్థమున మనము వాడు 'బై అండ్ లార్జ్' తెరచాప ఓడలవారి మాట. గాలికి వీలైనంత ఎదురుగా సాగుట 'బై'. గాలి వెనుకనుండి వీచుచుండగా సాగుట 'లార్జ్'. రెంటికిని తగిన ఓడ అన్ని విధముల నడచునది గదా! ఇక 'రెడ్ టేప్' మన కొలువులకు చుట్టమే. ఇంగ్లండులో న్యాయపత్రములను, ప్రభుత్వపత్రములను ఎఱ్ఱని నాడాతో కట్టెడివారు. 19వ శతాబ్దిలో ఆ నాడాయే కచ్చేరీ జాప్యమునకు పేరుగా స్థిరపడినది. హిందీవారు దానినే 'లాల్ ఫీతా' అన్నారు.

మాటకు మాట పెట్టి అనువదించుటలో ప్రమాదమున్నది. 'టు బర్న్ వన్స్ బోట్స్' అనగా పడవలను తగులబెట్టి, వెనుకకు మరలు దారి లేకుండ చేసికొనుట. అది దృఢనిశ్చయమును తెలుపును. దానిని 'ఏరు దాటి తెప్ప తగులవేసినాడు' అని తెలిగించితిమా, ధీరుడు కృతఘ్నుడగును! ఒక అధికారిని మెచ్చుకొనిన వాక్యము నిందగా మారును. పోలిక ఒక్కటియే. అయినను మనవారి దృష్టి తెప్ప చేసిన మేలుపై నిలిచినది.

ఇంగ్లీషు మాతృభాషగా గలవారికిని ఈ చిక్కు తప్పలేదు. 1941 డిసెంబరులో ప్రారంభమైన వాషింగ్టన్ సమావేశమున బ్రిటిషు సేనాధికారులు ఒక అత్యవసర పత్రమును 'టేబుల్' చేయగోరిరి. వారి భాషలో అది వెంటనే చర్చకు పెట్టుట. అమెరికనులకు అది ప్రక్కన పడవేయుట. ఇరుపక్షముల కోరిక ఒక్కటేయని తెలియుటకు ముందు దీర్ఘమైన వాగ్వాదమే జరిగినదని చర్చిల్ తన యుద్ధచరిత్రలో వ్రాసినాడు.

కావున ఆంగ్ల జాతీయము ఎదురైనప్పుడు 'ఈ సందర్భమున ఇతడు చెప్పదలచినదేమి?' అని ముందు ప్రశ్నించుకొందము. 'ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్' అన్నచో సూది, దారము వెదుకనక్కరలేదు. 'గోటితో పోవుదానికి గొడ్డలి యేల' యని మనకున్నది. సరియైనది దొరకనిచో భావమును తేటగా చెప్పిన చాలును.

సోదరీమణులకు ఒక మనవి. దూరనగరములలో పెరుగుచున్న మన పిల్లలు ఇంగ్లీషు జాతీయములను బడిలో నేర్తురు. తెలుగు జాతీయములకు ఇల్లే బడి. అవి వారి చెవిని పడుచుండవలెను. రెండును తెలిసిననే రేపు వారు ఒకదాని సొగసును మరియొకదానికి చెడకుండ చేర్పగలరు.